కక్షిదారు తల ఊపితేనే పాసు

ప్లీడరు గారు పోయినారని కబురు వచ్చేటప్పటికి నా చేతిలో బెల్లం ఉండె.

మా వాడు వకీలైనాడని, నల్లగౌను తొడిగినాడని, ఆ పొద్దు ఊర్లో ఇల్లిల్లూ తిరిగి బెల్లమూ వేయించిన శనక్కాయలూ పంచుతాండా. ప్లీడరు గారి గుమాస్తా పొద్దున బస్సుకు అనంతపురం నుంచి వచ్చి, బత్తలపల్లెలో దిగి, మా ఊరికి నడుచుకుంటా వచ్చినాడు. ఆయన నోరు తెరిచేలోపలే ఆయన చేతిలోనూ ఇంత బెల్లం పెట్టేసినా. దాన్ని చూసుకుంటా నిలబడి, "అన్నా, అయ్య పోయినాడు. తెల్లారక ముందే పోయినాడు," అన్నాడు. ఆ బెల్లం ఆయన తినలేడు, నా కండ్ల ముందర పారేయలేడు. తువ్వాలు కొంగున ముడి వేసుకున్నాడు. అట్లనే మళ్లీ బస్సెక్కి ఇద్దరమూ పోయినాము.

అనంతపురం వకీళ్లు ఆయన జ్ఞాపకంగా ఒక పుస్తకం వేస్తాండారు. దాంట్లో ఒక కక్షిదారు కూడా రాయాల అన్నారంట. మా వాడు వచ్చి, "నాయనా, నువ్వే రాయి" అన్నాడు. నేను ఐదో తరగతి వరకే చదివినోణ్ణి. రాసేది కూడా మాట్లాడినట్లే రాస్తా. చదివే అయ్యలు ఒక్కటి మన్నించాల. చావు మీద రాసిన దాంట్లో సంతోషం కనబడితే తప్పు పట్టొద్దండి. కొడుకు వకీలు కావడమూ, వాణ్ణి వకీలుని చేసిన మనిషి పోవడమూ నాకు ఒకే వారంలో వచ్చినాయి. దేని గంపలో దాన్ని వేరుగా పెట్టడం నాకు చేత కావడంలేదు.

ప్లీడరు గారి దగ్గరికి నన్ను చేర్చింది మా బావి.

మాదీ మా చిన్నాయన కొడుకుదీ ఉమ్మడి బావి. ఎద్దులను కట్టి తోలుసంచితో నీళ్లు తోడే కపిలి ఒకటే. పొద్దు పొడిచినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక ఇల్లు తోడుకోవాల, మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా ఇంకో ఇల్లు. ప్రతి సంత దినానికీ పూట మారుతాది. ఈ వారం పొద్దున మాదైతే వచ్చే వారం పొద్దున వాళ్లది. తాతల కాలం నుంచి ఇదే మామూలు. మా సీమలో బావి రాత్రంతా ఊరితేనే నీళ్లు. పొద్దున తోడినోనికి నీళ్లొస్తాయి, మధ్యాహ్నం తోడినోనికి బురద వస్తాది. అందుకే పూట మార్చుకునేది.

వానలు ఎగ్గొట్టిన ఒక ఏడు చిన్నాయన కొడుకు పూట మార్చనన్నాడు. కపిలి కాడ ఎద్దులతో అడ్డం నిలబడినాడు. నేను దావా వేసినా. నా వకీలు అప్పుడే కొత్తగా పట్టా పుచ్చుకున్న పిల్లోడు. వకీలు పరీక్షలో అందరికన్నా మార్కులు ఎక్కువంట. మర్యాదస్తుడే. నన్ను నిలబెట్టి అడిగినాడు.

"బావిలో నీ భాగమెంత?"

"సగం సామీ."

"ఎప్పటి నుంచి?"

"మా తాత కాలం నుంచి."

అంతే. ఇంగ్లీషులో టకటకా టైపు కొట్టించి వేసేసినాడు. కేసు గెలిచినాము. నేను ఆయనకు పూలహారం కూడా వేసినా. ఊరికొస్తే చిన్నాయన కొడుకు నవ్వుకుంటా ఎదురొచ్చినాడు. "నీకు సగమని కోర్టు చెప్పింది కదన్నా, కాదన్నానా? మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా నీదే. తోడుకో!" అన్నాడు. కాగితంలో పొద్దున మాటే లేదు. పూట మారే మాటే లేదు. కేసు గెలిచినోణ్ణి, ఆ ఏడు నా చీనీ చెట్లు, మీరు బత్తాయి అంటారే అవి, ఎండబెట్టుకున్నా.

అప్పుడు ఎవరో చెప్తే ప్లీడరు గారి వసారాకు పోయినా. ఆయన పాతకాలపు రెండో తరగతి ప్లీడరు. పెద్ద చదువు కాదు. పాత ప్లీడరీ పరీక్ష రాసి కోర్టుకొచ్చిన మనిషి. కోటు మోచేతుల కాడ మాసికలు. వసారాలో చేతుల కుర్చీ ఒకటే ఉండె. ఆయన పీట మీద కూర్చుని నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. నాకు భయమైంది.

"వద్దు సామీ, కింద కూర్చుంటా."

"కింద కూర్చుంటే దొంగ మాదిరి మాట్లాడతావప్పా. కుర్చీలో కూర్చుంటే ఇంటి యజమాని మాదిరి మాట్లాడతావు. నాకు యజమాని కావాల. కూర్చో."

కూర్చున్నా. కుండలో నీళ్లు ముంచి చెంబు చేతికిచ్చినారు. నేను రెండు గుక్కలు తాగి మొదలు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టినారు. "అంతా తాగు. దాహమున్నోడు తొందరగా ముగిస్తాడు. నాకేం తొందర లేదు." అది అయినాక కండ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. చేతిలో కలం లేదు, కాగితం లేదు. అద్దాలు తీస్తే ఆయనకు మనిషి మొహం కూడా సరిగ్గా కనబడదంట. వినేటప్పుడు చూసే పని ఎందుకని చెప్పేవారు.

నేను చెప్పేది ఎట్లుంటాదో మా ఇంటామెను అడిగితే చెప్తాది. తాత బావి తవ్వింది, రాయి పడింది, ఎద్దుకు గిట్ట పుండైంది, చిన్నమ్మ నన్ను తిట్టింది, అన్నీ చెప్పినా. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా "విషయానికి రా" అనలేదు. అంతా అయినాక నా కథను నాకే తిరిగి చెప్పినారు. "నువ్వు అనేది ఇది కదప్పా" అని మొదలు పెట్టి, మా ఊరి మాటల్లోనే చెప్పినారు. ఒకచోట నేను తల అడ్డంగా ఊపినా. "అది కాదు సామీ, పూట మారేది అమావాస్యకు కాదు, సంతకు." ఆయన మళ్లీ మొదటి నుంచి చెప్పినారు. "అదే సామీ!" అన్నా. అప్పుడు అద్దాలు పెట్టుకుని, గుమాస్తాను పిలిచి కాగితం తెమ్మన్నారు.

తీర్పులో పూట మాట లేదని అప్పీలు వేసి, పూట మారే మామూలంతా సాక్షులతో చెప్పించినారు. నా పొద్దున నాకొచ్చింది. చిన్నాయన కొడుకూ నేనూ ఇప్పుడు బాగానే ఉండాము. మొన్న బెల్లం పంచితే రెండు తూర్లు చెయ్యి చాపినాడు.

ఆ అప్పీలు అయినాక నేను మొదటి వకీలును తిట్టబోతే ప్లీడరు గారు ఊరుకోలేదు.

"ఆ పిల్లోని తప్పేముండాదప్పా? వానికి సెక్షన్లు అడిగినారు, చెప్పినాడు. దావా ఎట్ల రాయాలో అడిగినారు, రాసినాడు. ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టి ఈయన బాధేందో చెప్పు అని ఎవరూ అడగలేదు. అడగని దానికి వాడేం చేస్తాడు?"

ఆ రోజు నుంచి ఆయనకు అదొక పట్టు పట్టుకునింది. కొత్త వకీళ్ల పరీక్షలో ఇంకొక భాగం కలపాల. ఒక కక్షిదారును కూర్చోబెట్టాల. పరీక్ష రాసే పిల్లోడు అంతా విని, ఆ మనిషికే తిరిగి చెప్పాల. ఆ మనిషి "అదే" అని తల ఊపితేనే పాసు. మిగతా పేపర్లు తీసేయమని ఆయన ఎప్పుడూ అనలేదు. "సెక్షను కపిలి మాదిరి. అది లేకుంటే నీళ్లు రావు. కానీ బావి యాడుండాదో తెలియకుండా కపిలి కట్టి ఏం లాభం?" అనేవారు.

పరీక్ష పెట్టే పెద్దల కాడికి ఆయన ఎన్ని తూర్లు పోయినారో నాకు తెలుసు. ముందు హైకోర్టు గుంటూరులో ఉండె, ఆమీద హైదరాబాదుకు పోయె. యాడికైనా గుంతకల్లులో బండి మారాల. ఒక చేతిలో కూజా, ఒక చేతిలో మా ఇంటామె కట్టిచ్చిన జొన్నరొట్టెలూ, శనక్కాయలు నూరి చేసిన ఊరిబిండీ. ఊరిబిండి అంటే ఆయనకు ప్రాణం. పోయిన ప్రతిసారీ నవ్వించుకుని వచ్చేవారు. వచ్చినాక దాన్ని మాకు చెప్పి ఇంకొకసారి నవ్వించేవారు.

"మేము వకీళ్లకు పరీక్ష పెట్టాలా, కక్షిదార్లకా?" అన్నాడంట ఒక పెద్దాయన. ఇంకొకాయన, "రేపు బావి కాడ ఎద్దును కూడా పిలిపించి అడగమంటారా?" అన్నాడంట.

"మీరేమన్నారు సామీ?"

"ఎద్దుకు మాటలొస్తే దానికీ కుర్చీ వేద్దుము. ఆ ఖర్చు మీకు తప్పింది, సంతోషించండి అన్నా."

ఏండ్లు ఇట్లనే గడిచినాయి. మాటలతో ఆయన గెలిచింది లేదు. ఒక తూరి మాత్రం ఆ పెద్దల ముందర మా బావి కథే చెప్పినారంట. పేర్లు తీసేసి చెప్పినారు. అందరూ మామూలుగా నవ్వబోతే, వెనక వరసలో నుంచి ఒక వకీలు లేచినాడంట. అప్పటికి ఆయన హైదరాబాదులో పేరున్న వకీలు. "ఆ దావా రాసింది నేనే. వకీలు పరీక్షలో నాకు అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చినాయి. ఈయన చెప్పే పరీక్ష పెట్టి ఉంటే నేను ఫెయిలయ్యేవాణ్ణి, ఆ రైతు చెట్లు బతికేవి," అన్నాడంట. ఇది చెప్పేటప్పుడు ప్లీడరు గారు నవ్వలేదు. "మంచి పిల్లోడని చెప్పినా కదప్పా" అన్నారు, అంతే.

దాంతో పెద్దలు సగం మెత్తబడినారు. ముందు మీ జిల్లాలో పెట్టి చూడండి, బాగుంటే మిగతా జిల్లాలకు, ఒక్క పైరవీ అయినా వినబడితే అదే దినం ఎత్తేస్తాము అన్నారు. ఎత్తేసేదానికి కాచుకున్నోళ్లే ఎక్కువ.

తగాదాలు తీరిపోయినోళ్లను, ఇష్టపడి వచ్చినోళ్లను కక్షిదార్లుగా పిలుస్తాండ్రి. మొదటి తూరి పరీక్షకు కూర్చోబెట్టింది ఎవరిననుకున్నారు? నన్నే! ఐదో తరగతోణ్ణి, నల్లకోట్ల నడుమ చేతుల కుర్చీలో కూర్చున్నా. నేనే ప్రశ్నపత్రం. ఊరికొచ్చి అందరికీ అట్లనే చెప్పుకున్నా. ఆదివారాల్లో ప్లీడరు గారి వసారాలో పిల్లోళ్లకు సాధకం చేయించేదానికి కూడా నేనే. ఒక పిల్లోడు ఆవులింతలు ఆపుకోలేక, "పెద్దాయనా, ఎద్దు గిట్ట సంగతి వదిలి విషయానికి రా" అన్నాడు. ప్లీడరు గారు పీట మీద నుంచే అందుకున్నారు. "అదే విషయం నాయనా. ఎద్దు కుంటితే కపిలి తిరగదు. కపిలి తిరక్కుంటే వంతు పోతాది. నువ్వు ఆవులించినప్పుడే కేసు పోయింది."

ఆ వసారాలోనే మా వాడు పెరిగినాడంటే తప్పు కాదు. బావి కేసు నాటికి పలక పట్టుకుని బడికి పోతాండె. నాతో బస్సెక్కి వచ్చి ఆ కుండలో నీళ్లు తాగి తాగి, నేనూ ప్లీడరునైతా అన్నాడు. లా చదివి వచ్చినాక ప్లీడరు గారి దగ్గరే పనికి చేరినాడు. రాత పేపర్లన్నీ మొదటిసారికే గెలిచినాడు. మిగిలింది కక్షిదారు పరీక్ష. వానికి అది నీళ్లు తాగినంత పని అని నేనూ అనుకున్నా, మా ఇంటామె అనుకునింది, కోర్టు కాంపౌండులో టీ అమ్మే ఆయన కూడా అనుకున్నాడు.

వకీళ్ల పుస్తకాల హాలులో పరీక్ష. కిటికీలు తెరిచే ఉండె. నేను బయట నిలబడినా. లోపల ముగ్గురు పరీక్షకులు. వాళ్లలో ప్లీడరు గారు ఒకరు. మా వాడు ఆయన దగ్గర పని నేర్చుకునేవాడు కాబట్టి ఆయన తన కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నారు. ఆ రూలు పెట్టించింది కూడా ఆయనే.

ఆ పొద్దు కక్షిదారు గుంతకల్లు నుంచి వచ్చిన ఒక ముస్లిం ఆమె. గాజులమ్ముకుంటాది. ఇంటి ముందరి అరుగు సగం తనది, సగం మరిదిది. పొద్దున తాను గాజుల పెట్టె పెట్టుకుంటాది, సాయంత్రం మరిది తోపుడు బండి నిలుపుకుంటాడు. ఇట్లా మొదలు పెట్టింది. కిటికీ కాడ నిలబడిన నాకే రోమాలు లేచినాయి. మా బావే కదప్పా ఇది! మా వాని మొహం వెలిగిపోయింది. ఆమె తన తల్లి సంగతి చెప్పింది, రైలు కాలనీ సంగతి చెప్పింది, మెట్టు సంగతి చెప్పింది. మా వాడు వింటానే ఉండాడు. కానీ వాని కండ్లు యాడో ఉండె.

తిరిగి చెప్పినాడు చూడండి, ఏం చెప్పినాడు! అరుగు సగం అంటే చాలదు, ఏ పూట అనేది ముఖ్యం, బేరాలు వచ్చేది ఏ పూట, ఆ పూట ఎవరిది, మామూలు ఏంది, వంతు ఎట్ల మారాల. కోర్టులో పెద్ద వకీలు మాట్లాడినట్లుండె. ఇద్దరు పరీక్షకులూ ముందుకు వంగి వింటాండారు. అయిపోయినాక ఆమెను అడిగినారు.

"ఏమ్మా, ఇదేనా నువ్వు చెప్పింది?"

ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకునింది. "ఎంత బాగా చెప్పినావు నాయనా! గుంతకల్లు అంతా నిలబడి ఇనాల. కానీ అది నాది కాదు. నా మరిది మంచోడే, అరుగుకు మాకు తగువే లేదు. వాని బండి మెట్టుకు అడ్డమొస్తే మా అమ్మ బయటికి దిగలేదు. ముసలామె పొద్దు గూకినాక గాలికి కూర్చునేది ఆ మెట్టు మీదనే. నేను చెప్పింది మా అమ్మ మాట. అది యాడ పోయింది నాయనా?"

ఒక పరీక్షకుడు, "ఆమెకు తెలియదు పాపం. పిల్లోని వాదం చక్కగా ఉండాది. పాసు చేద్దాము," అన్నాడు. రెండో ఆయన గోడ వైపు తిరిగిన కుర్చీని చూసినాడు. "మీరేమంటారు ప్లీడరు గారూ? మీ వాడే కదా."

ఆయన తిరగలేదు. "నా వాడు కాబట్టే నేను నోరు తెరవకూడదు. తెరవాల్సిన మనిషి తెరిచింది కదా."

మా వాడు ఫెయిలు.

ఆ ఒక్క మాటతో జిల్లా అంతా పరీక్ష నిలబడిందని, పైరవీ కోసం కాచుకున్నోళ్లకు నోరు పడిపోయిందని ఇప్పుడు రాయగలను. ఆ పొద్దు మా ఇంట్లో అదంతా ఎవరికి కావాల? మా ఇంటామె రోలు కాడ రుబ్బేది ఆపేసి లేచింది. "ఇన్నేండ్లు నా చేతి ఊరిబిండి తిని, నా కొడుకు నోట్లో మన్ను కొట్టినాడే ముసలాయన! గోడ పక్కకు తిరిగి కూర్చున్నాడంట, గోడ పక్కకు! ఇంక ఆయనకు ఈ ఇంటి నుంచి రొట్టె ముక్క పోతే చూడు!" మా వాడు బావి కాడికి పోయి కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే రాడు. పడుకునేది కూడా ఆడనే.

వారం తిరక్కముందే ప్లీడరు గారు మా ఊరికి వచ్చినారు. ఆ వయసులో, ఆ ఎండలో, బస్సు దిగి నడుచుకుంటా. మా ఇంటామె లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకునింది. నేను మంచం వాలిస్తే ఆయన కూర్చోలేదు. గడప కాడ కింద కూర్చుని, "అమ్మా, నీళ్లు," అన్నారు.

మా సీమలో నీళ్లు అడిగినోనికి లేదని చెప్పే ఆడమనిషి పుట్టలేదు. చెంబు తెచ్చి ఆయన పక్కన టక్కున పెట్టింది. ఆయన తాగలేదు.

"ఇది నాకు కాదమ్మా, నీకు. తాగి, చెప్పు."

అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. మా ఇంటామె నీళ్లు తాగలేదు కానీ మాటలకు మాత్రం తక్కువ చేయలేదు. వాకిట్లో కోళ్లు కూడా పక్కకు పోయినాయి. ఆయన కదలకుండా విన్నారు. అంతా అయినాక, "అమ్మా, నువ్వు అనేది ఇది. నీ చేతి అన్నం తిన్నోణ్ణి, నీ కొడుకును పాసు చేయకుండా గోడను చూసుకుంటా కూర్చున్నా. పది మందిలో వాని పరువు తీసినా. ఇదేనా?"

"అది కాదు!" అనింది. నేను బిత్తరపోయినా. అప్పటిదాకా అరిచింది అదే కదా. "పాసు గాకుంటే పీడ పోయె. మళ్లీ రాస్తాడు. వాడు అప్పటి నుంచి బావి కాడ నుంచి ఇంటికి రాలేదు సామీ. ఒక్క మాట మాట్లాడలేదు. బావి కాడ సామీ. ఆ నీళ్లల్లోకే చూసుకుంటా..."

ప్లీడరు గారు మెల్లగా చెప్పినారు. "నీకు పరీక్ష బాధ కాదమ్మా. కొడుకు భయం."

"ఆ," అనింది. "అదే."

అప్పుడు చెంబు ఎత్తి నీళ్లు ఆమే తాగింది. ఆయన లేచి బావి కాడికి నడిచినారు. మా ఇంటామె కాడ ఆయన కూడా రెండో తూరికే పాసైనారని ఇప్పటికీ మేము చెప్పుకుంటాము.

బావి గట్టున ఆయనా మా వాడూ కూర్చున్నారు. నేను కపిలి తాడు సర్దుతున్నట్లు దగ్గర్లోనే తిరుగుతాండా. ఆయన బావిలోకి చెయ్యి చూపించినారు.

"నాయనా, నీ చెవిలో ఈ బావి ఉండాది. చిన్నప్పటి నుంచి మీ నాయనా నేనూ కలిసి తవ్వినాము. ఎవరు ఏం చెప్పినా నీకు దీంట్లో నుంచే వినబడతాది. తప్పు మాదే. పూడ్చుకోమని చెప్పను, మంచి బావి. ఇంకొకరు మాట్లాడేటప్పుడు మూత పెట్టుకో."

మా వాడు మొదటిసారి తల ఎత్తినాడు. "ఆమెను మళ్లీ చూడాల సామీ."

"పోదాం పద. గుంతకల్లు యాడుండాది, ఈడనే కదా."

ఇద్దరూ పోయినారంట కూడా. గాజులామె ఇంటి ముందర ఆ మెట్టు మీద ముసలామె పక్కన మా వాడు పొద్దు గూకేదాకా కూర్చుని వచ్చినాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. మా ఇంటామెకు రెండు డజన్ల గాజులు మాత్రం వచ్చినాయి.

మళ్లీ పరీక్షకు కుందుర్పి పక్కనుంచి కంబళ్లు నేసే ఒక తాత వచ్చినాడు. సగం తెలుగు, సగం కన్నడం. పెద్ద కొడుకు సంగతి, గొర్రెల సంగతి, మగ్గం సంగతి చెప్పుకుంటా పోయినాడు. మా వాడు పీట అడిగి తెప్పించుకుని కింద కూర్చున్నాడు. తాత చేతికి నీళ్ల చెంబు ఇచ్చినాడు. వాని కండ్లు ఈసారి యాడికీ పోలేదు. తిరిగి చెప్పినప్పుడు మామూలుగా చెప్పినాడు, అందం లేదు, ఎత్తుగడ లేదు. మధ్యలో తాత, "గొర్రె ఒకటి మర్చిపోయినావు కొడుకా" అన్నాడు. మా వాడు ఆ గొర్రెను కూడా చేర్చి మొదటి నుంచి మళ్లీ చెప్పినాడు. తాత వెనక్కి ఆనుకుని, "హౌదప్పా, అదే," అన్నాడు.

గోడ పక్కకు తిరిగిన కుర్చీలో ప్లీడరు గారు ఒళ్లో ఉన్న అద్దాలు తీసి పెట్టుకున్నారు. కుర్చీ తిప్పుకుని మా వాణ్ణి చూసినారు. అంతే. కిటికీలో నేను ఎగిరి గంతేసినా, జవాను వచ్చి నన్ను అరుగు దింపినాడు. ఆ సాయంత్రమే ఊరిబిండి ఆయన ఇంటికి పోయింది, పెద్ద గిన్నెతో.

మా వాడు హైదరాబాదు పోయి గౌను తొడుక్కుని వచ్చేటప్పటికి ప్లీడరు గారు మంచం పట్టి ఉండె. అయినా వసారాలోనే పడుకుంటాండ్రి. లోపల పడుకుంటే వచ్చినోళ్లు ఎవరూ లేరనుకుని వెనక్కి పోతారంట. గౌను చూసి, "వేడిగా ఉంటాది, తీసెయ్యి, కోర్టులో తొడుక్కోవచ్చు," అన్నారు. వాడు కాళ్లకు మొక్కితే, "కుండలో నీళ్లున్నాయేమో చూడు" అన్నారు. మా వాడు ఆ కుండ నింపి, ఊరికొచ్చి మాకు చూపించి, మరుసటి రోజు పొద్దున్నే మళ్లీ బస్సెక్కినాడు. ఆ తర్వాతనే నా చేతిలో బెల్లం, గుమాస్తా నోట ఆ కబురు.

ఆ పరీక్ష మిగతా జిల్లాలకు పోతాదో, ఈడ కూడా ఎత్తేస్తారో నాకు తెలియదు. పెద్దలు ఇంకా మాట్లాడుకుంటాండారంట. ఆయన ఉంటే కూజా పట్టుకుని ఇంకొక తూరి గుంతకల్లులో బండి మారేవారు. ఇప్పుడు ఎవరు పోవాల అని ఆలోచన చేయొద్దండి అయ్యలారా. పోయేవాడు ఉండాడు. కూజా కూడా వాని దగ్గరే ఉండాది. రొట్టెలు మా ఇంటి నుంచే.

కర్మ అయినాక నేను ఊరికి పోయేదానికి బస్సు కోసం ప్లీడరు గారి ఇంటి ఎదురుగా, రోడ్డుకు ఇవతల నిలబడినా. ఎవరో ముసలాయన, ఎద్దుల సంతకు వచ్చినట్లుండాడు, చేతిలో ములుకర్ర. ఆయనకు చావు సంగతి తెలియదు. నేరుగా వసారా ఎక్కి, ప్లీడరు గారు ఉండారా అని అడిగినట్లుంది. వసారాలో ఉన్న మా వాడు ఏం చెప్పినాడో నాకు వినబడలేదు. ముసలాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. మా వాడు ఆయన్ను చేతుల కుర్చీలో కూర్చోబెట్టినాడు. కుండలో నీళ్లు ముంచి ఇచ్చినాడు. పీట లాక్కుని కింద కూర్చున్నాడు.

ముసలాయన చెయ్యి అటూ ఇటూ తిప్పుకుంటా చెప్తాండాడు. రోడ్డు మీద బండ్లు పోతాండాయి, ఒక్క మాట నాకు రాలేదు. నా బస్సు వచ్చింది, ఎక్కలేదు. మా వాడు ఏదో చెప్పినాడు. ముసలాయన తల అడ్డంగా ఊపినాడు. మా వాడు మళ్లీ చెప్పినాడు. మళ్లీ అడ్డంగానే. రెండో బస్సు కూడా వచ్చి పోయింది. ఎండ వసారా మెట్టు దాటి కుండ మీదికి వచ్చింది. మా వాడు కుండను నీడలోకి జరిపి, మళ్లీ పీట మీద కూర్చుని, మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి ముసలాయన తల అడ్డంగా ఊపలేదు, వింటాండాడు. ములుకర్ర పక్కన పెట్టి, కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించుకుని, ఇంటి యజమాని మాదిరి వెనక్కి వాలి, తలకాయ మెల్లగా కిందికీ పైకీ ఊపినాడు.